ఎడమ ఇండికేటర్ గబగబా కొట్టుకుంటుంటే ఫ్లాషర్ కొనకండి

నిన్ననే తేలింది, చికాకు పోకముందే రాసేస్తున్నా. కారు ఎడమ ఇండికేటర్ మామూలు కంటే రెట్టింపు వేగంతో కొట్టుకుంటోంది. కుడిది బాగానే ఉంది. రెండువైపులా పాడైతే ఫ్యూజు, ఫ్లాషర్ రిలే (ఇండికేటర్‌ని ఆపి ఆపి వెలిగించేది) చూడాలి. ఒక్క వైపే వేగం పెరిగితే ముందు ఆ వైపు బల్బు, హోల్డర్, ఎర్త్ (దీపం నుంచి బండి ఇనుము ద్వారా బ్యాటరీ మైనస్‌కి కరెంటు తిరిగి వెళ్లే దారి) చూడాలి. ముందూ వెనకా 21 వాట్ల బల్బులు, పక్కన 5 వాట్లది, కలిపి నాలుగు ఆంపియర్లకు కాస్త తక్కువ. ఒక పెద్ద బల్బుకి కరెంటు సరిగా అందకపోతే లోడు, అంటే బల్బులన్నీ కలిపి లాగే కరెంటు, తగ్గి వేగం పెరుగుతుంది. డ్రైవరుకి తెలియాలనే అలా పెట్టారు.

నెల్లూరులో నేను వెళ్లిన షాపులో ఈ లెక్క ఎవరికీ పట్టలేదు. ఫ్లాషర్ మార్చారు, జబ్బు పోలేదు. "స్టీరింగ్ కింద స్విచ్ సెట్టు పోయుంటది" అన్నారు. బల్బు పీకి హోల్డర్‌లో మీటరు పెట్టి, "12 వోల్టులు వస్తా ఉండాయి గదా సార్, మీకు తెలవదు" అని నలుగురి ముందూ అన్న మాట ఇంకా మింగుడుపడలేదు.

బల్బు తీసేసి కొలిస్తే 12 చూపించక ఏం చూపిస్తుంది? మీటరు లాగే కరెంటు లేశమంత. వైరులో ఒక్క పోగు మిగిలినా, కనెక్షన్‌కి చిలుం పట్టినా వోల్టేజీ నిండుగానే కనబడుతుంది. బల్బు పెట్టి, కరెంటు పారుతుండగా కొలవాలి. ఇండికేటర్ ఆగి ఆగి వెలుగుతుంది కాబట్టి అంకె నిలవదు. అందుకే ఎవరిచేతైనా బ్రేకు తొక్కించాలి, చాలా కార్లలో వెనక దీపాలకు ఎర్త్ ఒకటే. మీటరు నల్ల తీగకు పొడవాటి వైరు కట్టి బ్యాటరీ మైనస్‌కి, ఎర్రది దీపం ఎర్త్ పిన్నుకి పెట్టాలి. 0.2 వోల్టు లోపే ఉండాలి. నాకు నాలుగు దాటింది. పైగా బ్రేకు తొక్కినప్పుడల్లా ముందు ఎడమ ఇండికేటర్ మసగ్గా వెలుగుతోంది. వెనక ఎర్త్ దొరక్క కరెంటు ఇండికేటర్ బల్బులోంచి ఎదురు పారి ముందు ఎర్త్ పట్టుకుంటోందన్నమాట. ఈ గుర్తు కనబడితే మీటరు కూడా అక్కర్లేదు.

డిక్కీలో ఎర్త్ బోల్టు విప్పితే పచ్చటి చిలుం. మైపాడు, కొత్తపట్నం లాంటి చోట్ల ఉప్పుగాలిలో నిలిచే బండ్లు ముందు ఇక్కడే చూసుకోవాలి. బ్యాటరీ మైనస్ తీసి, ఎమరీ కాగితంతో ఇనుము మెరిసేదాకా రుద్ది, కొత్త రింగు టెర్మినల్ వేసి, బిగించాక పైన వేసిలిన్ పూశాను.

ఎల్ఈడీ బల్బులు వేసినవాళ్లకు వైరింగు బాగున్నా వేగం పెరగొచ్చు, లోడు తక్కువ కనుక. ఆ లోడు పెంచడానికి 6 ఓమ్‌ల, 50 వాట్ల రెసిస్టరు ఇండికేటర్ వైరుకీ ఎర్త్‌కీ మధ్య వేస్తారు. చెయ్యి కాలేంత వేడెక్కుతుంది, ఇనుము మీదే బిగించాలి, ప్లాస్టిక్‌కి ఆనించొద్దు.

షాపులో తీసిన పాత సామాను అడిగి తెచ్చుకోండి. నా పాత ఫ్లాషర్ మళ్లీ పెడితే నిక్షేపంగా పనిచేస్తోంది. కొత్తదానికి డబ్బులు మాత్రం వెనక్కి ఇవ్వలేదు.