పిరాంజిలో జీడిచెట్టు

దక్షిణ అమెరికా వెళ్తున్నామంటే మా కాశీబుగ్గలో అందరూ అడిగింది ఒకటే, అక్కడేముంది అని. మా ఆయనది విజయనగరం, ఫుట్‌బాల్ అంటే ప్రాణం. రియోలో మారకానా స్టేడియం ఉంది కదా అన్నారు. నేను మాత్రం జీడిచెట్టు ఉంది అన్నాను. ఉద్దానం పిల్ల జీడిచెట్టు కోసం బ్రెజిల్ వెళ్ళడమేంటని మా పిన్ని చాలాసేపు అలాగే చూసింది.

జీడికి పుట్టిల్లు అదే మరి. ఈశాన్య బ్రెజిల్ ఇసుక నేలల్లో పుట్టిన చెట్టుని 16వ శతాబ్దంలో పోర్చుగీసు వాళ్ళు ఓడల్లో మన తీరానికి తెచ్చారు. మా అమ్మ ఇరవై ఏళ్ళకి పైగా పలాసలో జీడి పిక్కలు కొట్టింది. చేతికి ఎంత నూనె రాసుకున్నా జీడి రసం అంటి వేళ్ళ చివర్లు నల్లగా, గరుగ్గా ఉండేవి. ఆ చేత్తోనే నాకు జడ వేసి బడికి పంపేది. ఆ చెట్టు అసలు ఊరు చూడాలని నాకు చిన్నప్పటి నుంచీ ఉంది.

నవంబరులో బయల్దేరాం. 34 రోజులు, మనిషికో బ్యాగు, ఒక్కోటి తొమ్మిది కిలోలు. ఎవరైనా వెళ్ళేట్టయితే ఎల్లో ఫీవర్ టీకా ప్రయాణానికి కనీసం పది రోజుల ముందే వేయించుకోండి. టీకా వేసినట్టు ఇచ్చే కార్డు లేకుండా ఇండియాకి తిరిగొస్తే ఆరు రోజుల వరకూ క్వారంటైన్‌లో పెడతారు. మా పాస్‌పోర్టుల కంటే ఆ కార్డుల గురించే నాకు ఎక్కువ టెన్షన్.

రియోలో ఐదు రోజులున్నాం. కోపకబానా బీచ్ నాలుగు కిలోమీటర్లు, పక్కనే నలుపు తెలుపు రాళ్ళతో అలల ముగ్గు వేసినట్టుండే నడకదారి. నాకు అంతకన్నా నచ్చింది తిజూకా అడవి. ఒకప్పుడు కాఫీ తోటల కోసం ఆ కొండలన్నీ నరికేశారట. ఊరికి నీళ్ళు తగ్గిపోయేసరికి 1861లో చక్రవర్తి రెండో పెడ్రో మళ్ళీ చెట్లు నాటించమన్నాడు. ఇప్పుడు ఆ నీడలో నడుస్తుంటే పక్కనే మహానగరం ఉందన్న సంగతే మర్చిపోతాం.

అక్కణ్ణుంచి ఈశాన్య బ్రెజిల్ తీరంలోని నటాల్. మన భావనపాడులాగే తూర్పు సముద్రం, సూర్యుడు నీళ్ళలోంచే లేస్తాడు. పొద్దున్నే బీచ్ దగ్గర ఒకావిడ కర్రపెండలం పిండిని పెనం మీద చల్లి, అట్టులా పోసి, లోపల కొబ్బరి పెట్టి ఇచ్చింది. రెండేసి తిని, నేను చూడాలనుకున్న జీడిచెట్టు ఉండే పిరాంజికి బస్సెక్కాం.

ఆ చెట్టు గురించి ముందే చదివాను. చదివింది ఏమీ సరిపోలేదు. ఒకే ఒక్క జీడిచెట్టు, దాదాపు 8,500 చదరపు మీటర్లు. మన లెక్కలో రెండెకరాల పైచిలుకు. 1994లో గిన్నిస్ బుక్కులోకి ఎక్కింది. టికెట్ తీసుకుని కిందకి వెళ్తే ఏది మాను, ఏది కొమ్మ తెలియదు. కొమ్మలు బరువుకి వంగి నేలని తాకుతాయి, తాకిన చోట వేళ్ళు వేసి మళ్ళీ లేస్తాయి. జన్యువుల్లో వచ్చిన ఏదో మార్పు వల్ల ఇలా పెరుగుతోందంటారు. మొదటి మాను నుంచి వచ్చిన ఐదు పెద్ద కొమ్మల్లో నాలుగు ఇలా పాకిపోయాయి. ఒకటి మాత్రం నేల తాకి ఆగిపోయింది. దానికి అక్కడి జనం పెట్టిన పేరు 'కనీస వేతనం', ఎప్పటికీ పెరగదని. అది విన్నాక ఆ కొమ్మ దగ్గరే చాలాసేపు నిలబడిపోయాను. జీడిపప్పు పొట్టు తీసే పీలింగ్ సెక్షన్‌లో అమ్మ వాళ్ళ కూలి పెంచమని అడిగిన రోజులు నాకు గుర్తున్నాయి.

2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చిన మర్నాడు మా తోట చూశాను. కొమ్మలన్నీ ఇలాగే నేల మీద ఉన్నాయి. వేళ్ళు మాత్రం పైకి లేచి ఉన్నాయి. ఎకరంన్నరలో ఆరు చెట్లు మిగిలాయి. నాన్న వాటి మధ్య ఏమీ మాట్లాడకుండా తిరిగారు. పిరాంజిలో నేలకి ఆనిన కొమ్మ మీద చెయ్యి వేస్తే అది గట్టిగా, కదలకుండా ఉంది. మా ఆయన నా ముఖం చూసి, ఏమీ అడక్కుండా అమ్మకి వీడియో కాల్ కలిపారు. మాకు ఉదయం పది, అక్కడ సాయంత్రం ఆరున్నర.

"ఏటమ్మా అది, సెట్టా? తోటా?" అంది అమ్మ.

చెట్టే అన్నాను. ఫోన్ పట్టుకుని చుట్టూ తిప్పాను. కాయలు, పండ్లు వేలాడుతున్నాయి, ఎర్రవీ పసుపువీ. అమ్మ రెండో ప్రశ్న చెట్టు సైజు గురించి కాదు.

"పళ్ళు ఏం సేత్తారు? పారేత్తారా?"

పారెయ్యరు. మన దగ్గర పిక్క తీసుకుని పండు తోటలోనే వదిలేస్తాం. వాళ్ళకి పండే ముఖ్యం. దుకాణం దుకాణంలో జీడిపండు రసం దొరుకుతుంది. కజూయినా అని ఒకటుంది, వడగట్టి, సీసాల్లో పోసి వేడి చేసిన రసం. తేనె రంగులో, గ్లాసు అవతల వేళ్ళు కనిపించేంత తేటగా ఉంటుంది. గొంతు పట్టుకునే ఆ వగరు అస్సలు లేదు. వగరుని జెలటిన్‌తో విరగ్గొట్టి తీసేస్తారట. అమ్మకి సీసా చూపించాను. దగ్గరగా పెట్టమంది.

తర్వాత ఇగ్వాసు జలపాతాలు చూశాం, 275 ధారలు. కోటీ అనే పొడుగు ముక్కు జంతువు మా జంతికల పొట్లం లాక్కుపోయింది. బ్యూనస్ ఐరిస్ పార్కుల్లో జకరాండా పూలు రాలి నేలంతా ఊదా రంగు. అవన్నీ బాగున్నాయి, ఫోటోలు విడిగా పెడతాను.

ఏప్రిల్‌లో పిక్కల కాలానికి ఊరెళ్ళాం. పండు రసంలో గంజి కలిపితే వగరు అడుక్కి దిగుతుందని ఈలోగా చదివి అమ్మకి చెప్పాను. ఆవిడ అప్పటికే బిందె నిండా పండ్లు ఏరి ఉంచింది. వాటి రసం పిండి, పాత పంచెలో వడగట్టి, లీటరుకి అరగ్లాసు పల్చని గంజి కలిపింది. పావుగంటకి తెట్టులాంటిది అడుక్కి పేరుకుంది, పైన రసం తేరింది. మా ఆయన ముందు తాగారు. నాన్న రెండు గ్లాసులు తాగారు. అమ్మ ఒక గుక్క తాగి, నాలిక మీద కాసేపు ఉంచుకుని, ఇంకా కొంచెం పీక పడతాందంది. గంజి చాల్లేదని చెప్పి మళ్ళీ పొయ్యి మీద ఎసరు పెట్టింది.