కంపోంగ్ స్పూలో ఉగాది పచ్చడి

పరాయి దేశంలో ఉగాది చేసుకోవాలంటే ముందుగా బెంగపెట్టేది వేపపువ్వు. చింతపండు, బెల్లం ఏదో ఒక కొట్టులో దొరుకుతాయి. వేపపువ్వు ఎవరు అమ్ముతారు? 2023 మార్చిలో నేను కంబోడియాలోని కంపోంగ్ స్పూ రాష్ట్రంలో, ఒక పల్లె బడిలో స్వచ్ఛందంగా ఇంగ్లీషు నేర్పుతున్నాను. పండుగ దగ్గర పడుతుండగా సంతకు వెళ్తే, ఆకుకూరల గంపల మధ్య వేపపూత కట్టలు కనిపించాయి. లేత చిగుళ్ళతో సహా కోసి, నారతో కట్టి, మన దగ్గర తోటకూర పెట్టినట్టు పేర్చి పెట్టారు.

అక్కడివాళ్ళు దాన్ని స్దావ్ అంటారు. మన వేపకు దగ్గరి చుట్టమే, చేదు కాస్త తక్కువ. వేడినీళ్ళలో ముంచి తీసి, కాల్చిన చేపతోనో ఎండుచేపతోనో, చింతపండు పులుపు కలుపుకుని తింటారు. మనం ఏడాదికి ఒక్క పూట నాలుకకు తగిలించుకునే చేదు వాళ్ళకు ఇష్టమైన కూర. మార్చి చివరికి పూత కూడా ముగింపుకొచ్చింది కాబట్టి, ఉన్న వాటిలో మంచి కట్ట ఏరుకుని తెచ్చుకున్నాను.

ఇక బెల్లానికి వెతుక్కోవలసిన పనే లేదు. కంపోంగ్ స్పూ అంటేనే తాటిబెల్లం. 2010లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. పొలం గట్ల మీద కనుచూపు మేర తాడిచెట్లే, అచ్చం మన ఊళ్ళలో చూసే చెట్టే. కంబోడియా జాతీయ వృక్షం కూడా అదే. మన గీత కార్మికులు మోకుతో ఎక్కుతారు. ఇక్కడ చెట్టు పొడవునా వెదురు బొంగును కట్టేసి, కణుపుల దగ్గర వదిలిన కొమ్మల మొదళ్ళ మీద కాలు మోపుతూ ఎక్కుతారు. నేనున్న ఇంటి పక్కాయన తెల్లవారకముందే నడుముకు వెదురు గొట్టాలు వేలాడదీసుకుని ఎక్కేవాడు. నీరా పులిసిపోకుండా ప్రతి గొట్టంలో ఒక రకం చెక్క ముక్కలు ముందే వేసి ఉంచేవాడు. దింపిన నీరాను ఆయన భార్య పెద్ద మూకుడులో పోసి గంటల తరబడి కాచేది. నురగ తగ్గి, పాకం తేనె రంగుకు తిరిగాక మూకుడు దించి, అది తెల్లబడి గట్టిపడేదాకా కర్రతో తిప్పుతూనే ఉండేది. నా పచ్చడికి ఆ పూట కాచిన బెల్లమే, ఇంకా వెచ్చగా ఉండగానే, తాటాకు దొన్నెలో పెట్టి ఇచ్చింది. డబ్బు తీసుకోలేదు.

ఉప్పు, మిరియాలు రెండూ దక్షిణాన సముద్రతీరపు కాంపోట్ నుంచి వచ్చినవే. మామిడికాయ మా పెరటిదే. షడ్రుచుల్లో ఒక్కటి కూడా సరిహద్దు దాటి రాలేదు. ఆ మాట ఇంటికి ఫోను చేసి చెబితే అమ్మ నమ్మలేదు.

ఉగాది మార్చి 22, బుధవారం. తలంటు పోసుకుని, స్తంభాల మీద కట్టిన ఆ చెక్క ఇంటి మెట్లకు మామిడాకుల తోరణం కట్టాను. ఇంటి కింది నీడలో ఉన్న పెద్ద బల్ల మీద పచ్చడి కలిపాను. బడికి వెళ్ళే పిల్లలు వరుసగా నిలబడి తలా ఒక గరిటె తాగారు. అందరికంటే చిన్నది మొహం చిట్లించుకుంటూనే మళ్ళీ చెయ్యి చాపింది.

ఆ ఇంటి పెద్దావిడను ఊరంతా పిలిచినట్టే నేనూ యేయ్ అనేదాన్ని, అమ్మమ్మ అన్నమాట. ముందురోజు నేను బల్ల అడిగినప్పుడు ఆమె ఏ పండుగ, ఎందుకు అని ఒక్క ప్రశ్న వేయలేదు. తానే కడిగి, చాప పరిచి ఉంచింది. ఎందుకు అడగలేదో ఆ ఉదయం చెప్పింది. నాతోపాటు పాఠాలు చెప్పే స్థానిక టీచరు ఒక్కో మాటా అనువదించింది. 1975 ఏప్రిల్ 17న, వాళ్ళ కొత్త సంవత్సరం పండుగ ముగుస్తూనే, కమ్యూనిస్టు ఖ్మేర్ రూజ్ సేనలు రాజధాని నమ్‌పెన్‌లోకి వచ్చి నగరాన్ని ఖాళీ చేయించాయి. అప్పటికి ఆమె చిన్నపిల్ల. 1979 జనవరిలో ఆ పాలన కూలిపోయేదాకా గుళ్ళలో భిక్షువులు లేరు, పండుగలు లేవు. సంవత్సరాది వచ్చినా పొలంలో మట్టి మోయడమే. ఈ రోజు పండుగ కదా అని పైకి అనడానికి కూడా వాళ్ళమ్మ భయపడేదట. "ఎవరి పండుగైనా మా ఇంట్లో చేసుకోవచ్చు" అంది యేయ్. అని, పచ్చడి గిన్నె ఖాళీ చేసింది.

పంచాంగం ఫోనులో ఉంది. శోభకృత్ నామ సంవత్సరం, ఉగాది బుధవారం వచ్చింది కాబట్టి ఈ ఏడాదికి బుధుడు రాజు అని చదివితే టీచరు ఉత్సాహంగా అందుకుంది. వాళ్ళ సంవత్సరం సూర్యుడు మేషంలో అడుగుపెట్టినప్పుడు మొదలవుతుంది. ఆ మహాసంక్రాన్ ఏ వారం పడితే, వాళ్ళ పురాణకథలోని కబిల మహాబ్రహ్మ ఏడుగురు కూతుళ్ళలో ఆ వారపు దేవకన్య ఆ ఏటికి కాపలా. మనది చాంద్రమానం, వాళ్ళది సౌరమానం, అయినా ఏడాదికి అధిపతిని నిర్ణయించేది రెండుచోట్లా వారమే! నాకు ఆ రోజు అన్నిటికంటే సంతోషం కలిగించిన సంగతి ఇదే. ఆపై మేమిద్దరం రెండు పంచాంగాలూ పక్కపక్కన పెట్టుకుని మధ్యాహ్నం దాకా కదల్లేదు. వాళ్ళ లెక్కలో రాబోయేది కుందేలు సంవత్సరం. అది ఏప్రిల్ 14, శుక్రవారం మొదలవుతుంది కాబట్టి దేవకన్య కెమీరా. ఆమె వాహనం దున్నపోతు, ఆహారం అరటిపండు.

ఏప్రిల్ 14 వచ్చేసరికి ఊళ్ళో ప్రతి ఇంటి ముందూ ఒక బల్ల, దాని మీద పూలు, అగరువత్తులు, కెమీరా కోసం అరటి గెలలు. నమ్‌పెన్ నుంచి ఫ్యాక్టరీల్లో పనిచేసే పిల్లలంతా ఇళ్ళకు చేరారు. గుడి ఆవరణలో ఇసుకతో చిన్న చిన్న గుట్టలు పోస్తున్నారు, వీధిలో ఆడవాళ్ళు ఒకవైపు, మగవాళ్ళు ఒకవైపు తాడు లాగుతున్నారు. నన్నూ లాగమన్నారు, లాగాను, గెలిచాం.

ఆ మధ్యాహ్నం యేయ్ మా పచ్చడిని తన పద్ధతిలో చేసింది. పూత అయిపోయింది కాబట్టి లేత వేపాకు వేసింది. తాటిబెల్లం, చింతపండు, మామిడికాయ తురుము, వాటితోపాటు దంచిన ఎండుచేప. నేను చేప తినను గనుక చేప కలపకముందే ఒక గిన్నె పక్కకు తీసి ఉంచింది. మిరియాలు నేను వేసినదానికి రెట్టింపు పడ్డాయి. పచ్చడికి అదే బాగుంది. ఇంట్లో చేసినా ఇకమీదట అంతే వేస్తాను.