వడ్డీ లేని చీటీ

మా వీధిలో తమాలేలు (మొక్కజొన్న పిండితో ఆవిరిపై ఉడికించే వంటకం) అమ్మే ఎల్ సాల్వడోర్ దేశపు ఆవిడ, పిండి అంటిన వేలితోనే ఫోన్ తెరిచి తన క్రెడిట్ స్కోరు చూపించింది, జీవితంలో మొదటి స్కోరు! శాన్‌ఫ్రాన్సిస్కోలోని మిషన్ అసెట్ ఫండ్ అనే సేవాసంస్థ వాళ్ల పుణ్యం. వాళ్లు నడిపేది అచ్చం మన చీటీలే, కాకపోతే పాట ఉండదు, వడ్డీ ఉండదు, నెలనెలా అందరూ కట్టిన మొత్తం వంతులవారీగా ఒక్కొక్కరికి వెళ్తుంది, పైగా ప్రతి వాయిదానీ క్రెడిట్ బ్యూరోలకు, అంటే మన అప్పుల చెల్లింపుల చరిత్రను నమోదు చేసే సంస్థలకు, తెలియజేస్తారు. అసలు గొప్పతనం అక్కడే ఉంది. స్కోరు లేకపోతే ఇక్కడ ఇల్లు అద్దెకు దొరకడమే కష్టం. చేతిలో మంచి ఉద్యోగం ఉండి కూడా కొత్తలో నేను ఎంత టెన్షన్ పడ్డానో! దీన్ని మొదలుపెట్టిన హోసే కిన్యోనెస్‌కు 2016లో, అసాధారణ సృజనాత్మకత చూపినవాళ్లకు అమెరికాలో ఇచ్చే మెకార్థర్ ఫెలోషిప్ ఇచ్చారు, నూటికి నూరుపాళ్లు తగిన మనిషి. బే ఏరియాలో (శాన్‌ఫ్రాన్సిస్కో, దాని చుట్టుపక్కల) ఉన్న మనవాళ్లు వీలైతే ఈ సంస్థకు ఎంతో కొంత ఇవ్వండి.