సఖినేటిపల్లిలో చూసొచ్చిన పాత డ్రిల్లింగ్ మెషీను

మడత కత్తిపీటకి బ్లేడుని పట్టుకునే రెండు చెవులుంటాయి కదా, ఆ రెండింటికీ బెజ్జాలు ఒకే వరసలో పడాలి, లేకపోతే బోల్టు దూరదు, దూరినా బ్లేడు ఓ పక్కకి వాలిపోతుంది. నేను మా పెరట్లో పాత పశువుల సావిడిని వర్క్‌షాప్ లాగా చేసుకుని మూడేళ్ళయింది, కత్తిపీటలూ, కొబ్బరి కోరే పీటలూ, ఒకటో రెండో ఇనప స్టూళ్ళూ చేస్తుంటాను. అన్నీ హ్యాండ్ డ్రిల్లుతోనే. ఎంత జాగ్రత్తగా నిలబెట్టి పట్టుకున్నా 6 ఎం.ఎం. ఇనప పట్టీలో బిట్టు అవతలి వైపు తేలేసరికి బెజ్జం కాస్త పక్కకి పోతుంది, తర్వాత రౌండ్ ఆకురాయితో రుద్ది సరిచేసుకోవడం, అప్పుడు బోల్టు లూజైపోవడం, బ్లేడు ఊగడం. వంటింట్లో రోజూ వాడే వస్తువు అలా ఊగితే నాకు మనసొప్పదు.

అందుకని పిల్లర్ డ్రిల్లు, అంటే స్తంభానికి బిగించి ఉండి బిట్టుని నిటారుగా కిందకి దించే మెషీను, తీసుకోవాలని ఎప్పట్నుంచో ఉంది. రాజమండ్రిలో కొత్తది అడిగితే 34 వేలు చెప్పారు, పైన ట్రాన్స్‌పోర్టు. అంత పెట్టాలంటే ఆలోచించాలి. ఈలోగా మా ఊళ్ళో రొయ్యల చెరువులకి ఏరేటర్లు బాగుచేసే కుర్రాడు చెప్పాడు, సఖినేటిపల్లి అవతల ఒక పాత షెడ్డులో మెషీను ఉందనీ, ఆ షెడ్డు నడిపిన పెద్దాయన పోయారనీ, వాళ్ళబ్బాయి అమ్మేద్దామని చూస్తున్నాడనీ, 16 వేలు అంటున్నాడనీ. మొన్న ఆదివారం పొద్దున్నే నర్సాపురం రేవులో పంటు మీద బండెక్కించి వసిష్ఠ దాటి వెళ్ళాను. సంచిలో తిరిగేది ఎంత ఊగుతుందో కొలిచే డయల్ గేజి, దాన్ని ఇనుముకి అతికించి నిలబెట్టే మాగ్నెటిక్ బేసు, ఓ సుద్దముక్క, చిన్న సీసాలో కిరసనాయిలు, కొత్త 10 ఎం.ఎం. బిట్టు, ఓ మూరెడు ఇనప తీగ. ఎవరైనా పాత డ్రిల్లు చూడ్డానికి వెళ్తే ఇవన్నీ పట్టుకెళ్ళండి, ఒట్టి చేతుల్తో వెళ్తే రంగు చూసి రావడమే అవుతుంది.

మెషీను రాజ్‌కోట్‌లో చేసింది, ప్లేటు మీద అక్షరాలు చాలావరకు అరిగిపోయాయి. చక్ (బిట్టుని పట్టి బిగించేది) 13 ఎం.ఎం. ది, దాన్ని తిప్పే ఇరుసు స్పిండిల్, అందులో చక్ కాడ దూరే ఏటవాలు బెజ్జం మోర్స్ టేపర్ 2 సైజుది. టేబుల్ మీద బోలెడు గుంటలు, పని చేసేటప్పుడు బిట్టు అడుక్కి దిగి టేబుల్‌ని తాకిన గుర్తులు. అవి చూసి చాలామంది వెనక్కి పోతారు గానీ నేను పట్టించుకోలేదు, కింద చెక్క ముక్క వేసుకుని పని చేసుకుంటే వాటితో ఏ ఇబ్బందీ లేదు. నేను భయపడింది కాలమ్, అంటే స్తంభం మీద తుప్పు చూసి. నేల నుంచి నడుం ఎత్తు దాకా మచ్చలు మచ్చలుగా తినేసింది, దాని పైన మాత్రం నున్నగా ఉంది. మధ్యలో గీత గీసినట్టు హద్దు. అడిగితే అబ్బాయి దాచకుండా చెప్పాడు.

"2022 వరదలో వచ్చిందండి ఇది. నీళ్ళు ఇక్కడి దాకా వచ్చేసినియ్యి. నాన్నగారు ముందురోజే పైభాగమంతా గ్రీజు పూసి గోనెసంచి చుట్టేశారు, ఆయ్. కిందది ఏం చేయలేకపోయారు."

ఆ జులైలో ధవళేశ్వరం నుంచి 25 లక్షల క్యూసెక్కుల పైన వదిలారు, లంకల్లో ఇళ్ళన్నీ ఎలా ఉన్నాయో మనందరికీ గుర్తే. వరదలో నానిన మెషీను అంటే ఎవరైనా వద్దనే అంటారు, నేనూ మొదట అలాగే అనుకున్నాను, కానీ కాసేపు నిలబడి చూస్తే అర్థమైంది, పిల్లర్ డ్రిల్లుకి ప్రాణమంతా పైనే ఉంటుంది, స్పిండిల్, బేరింగులు, పుల్లీలు, మోటారు అన్నీ తల దగ్గరే. బెల్టు గార్డు తీసి లోపల వేలితో తుడిచాను, మోటారు ఫ్యాను కవరు విప్పి చూశాను, ఎక్కడా ఒండ్రు లేదు, ఒట్టి దుమ్ము. నీళ్ళు పైకి వెళ్ళలేదు. కింద మచ్చలు పడిన చోటికి టేబుల్ సులువుగా జారదు, అంటే పొడుగాటి పనులు చేసేటప్పుడే ఇబ్బంది, నా పనులకి టేబుల్ అంత కిందకి దించక్కర్లేదు.

ఇంక అసలైంది స్పిండిల్. చక్‌కి బిట్టు బిగించి గేజి ముల్లు బిట్టు షాంకు (కాడ) నున్నని చోట ఆనించి చేత్తో నెమ్మదిగా తిప్పాను. 0.25 చూపించింది. గుండె జారిపోయింది. పావు మిల్లీమీటరు ఊగే డ్రిల్లు నాకెందుకు, నా హ్యాండ్ డ్రిల్లే నయం. అయితే ఇక్కడ తొందరపడకూడదు, ఎందుకంటే ఊగేది స్పిండిలా చక్కా అన్నది ముందు తేల్చుకోవాలి. చక్ పోతే కొత్తది వేసుకోవచ్చు, స్పిండిల్ వంగితే మాత్రం దాని జోలికి పోకూడదు. డ్రిఫ్ట్ (ఊడగొట్టే ఇనప చీల) కొట్టి చక్‌ని ఆర్బర్‌తో (స్పిండిల్‌లో దూరే కాడతో) సహా దింపేసి గేజి ముల్లు టేపర్ లోపలి గోడకి ఆనించి తిప్పాను, 0.03. స్పిండిల్ బాగానే ఉంది! టేపర్ లోపల గుడ్డ పెట్టి తుడిస్తే చిన్న ఇనప పొట్టు ముక్క, ఎండిపోయిన గ్రీజు ఊడొచ్చాయి. శుభ్రం చేసి మళ్ళీ ఎక్కించి బిట్టు దగ్గర చూస్తే 0.07 కి దిగింది. అంత చిన్న పొట్టు ముక్క అడ్డం పడినందుకు మంచి మెషీను చెడ్డదిగా కనపడింది, ఆ ముక్క ఇప్పటికీ నా జేబులో చిన్న కాగితంలో ఉంది.

క్విల్‌ని (స్పిండిల్‌తో పాటు కిందకి దిగే గొట్టాన్ని) పూర్తిగా కిందకి దించి చక్ పట్టుకుని అటూ ఇటూ లాగాను, కొంచెం ఆట ఉంది, ఈ వయసు మెషీనుకి సహజమే. బేరింగులు చెవి దగ్గర పెట్టుకుని విన్నాను, పైదాంట్లో కాస్త గరగర, అది మార్చాల్సిందే. టేబుల్ స్పిండిల్‌కి సరిగ్గా అడ్డంగా ఉందో లేదో చూడ్డానికి తీగని వంచి చక్‌లో బిగించి కొన టేబుల్‌కి తగిలీ తగలనట్టు పెట్టి చుట్టూ తిప్పితే ఓ వైపు తాకింది, ఎదురు వైపు కాగితం దూరేంత సందు వచ్చింది. టేబుల్ బోల్టు వదిలి సర్దుకుంటే పోతుంది. టేబుల్‌ని మోసే బ్రాకెట్‌కి కిరసనాయిలు రాసి తుడిచేసి సుద్ద పూశాను, పగులు ఉంటే లోపలికి ఇంకిన కిరసనాయిలు సుద్ద మీదకి వచ్చి గీతలా కనపడుతుంది. ఏమీ రాలేదు. పోత ఇనుముకి ఈ పరీక్ష చేయకుండా ఎప్పుడూ డబ్బులివ్వకండి.

మోటారు దగ్గరే చిక్కొచ్చింది. 1 హెచ్‌పి, నిమిషానికి 1440 చుట్లు, కానీ త్రీ ఫేజు. మా ఇంటికున్నది సింగిల్ ఫేజు. సింగిల్ ఫేజు తీసుకుని త్రీ ఫేజు ఇచ్చే డ్రైవ్ పెట్టుకోవచ్చు గానీ అది ఇచ్చేది 230 వోల్టులే, 415 కి స్టార్‌లో కట్టిన మోటారుని డెల్టాలోకి (ఇవి వైండింగు కొనలు కలిపే రెండు పద్ధతులు) మార్చుకోవాలి, అలా మార్చాలంటే టెర్మినల్ బాక్సులోకి వైండింగు కొనలు ఆరూ రావాలి. బాక్సు విప్పితే మూడే ఉన్నాయి. స్టార్ కలిపింది లోపలే. వైండింగు విప్పించి కొనలు బయటికి లాగించడం, మళ్ళీ డ్రైవ్ కొనడం, ఇదంతా నాకు దండగ అనిపించింది. సింగిల్ ఫేజు మోటారే వేసుకోవడం మేలు, భీమవరంలో అడిగితే 7 వేల చిల్లర అన్నారు. ఇంట్లో మోనోబ్లాక్ పంపు మోటారు ఖాళీగా ఉంది కదా అని కొందరు దాన్నే తగిలించేస్తారు, అవి 2880 తిరిగేవి, స్పిండిల్ స్పీడు పుల్లీ అన్ని మెట్ల మీదా రెట్టింపైపోతుంది. మెత్తని ఇనుములో 10 ఎం.ఎం. హెచ్ఎస్ఎస్ (హై స్పీడ్ స్టీల్) బిట్టుకి నిమిషానికి 800 చుట్లు చాలు. నా హ్యాండ్ డ్రిల్లుతో బిట్ల మూతులు మాడిపోవడానికి కారణం కూడా ఆ స్పీడే. ఇంకోటి, పాత పుల్లీ బోరు (షాఫ్టు దూరే బెజ్జం) 19 ఎం.ఎం., కొన్ని సింగిల్ ఫేజు మోటార్లకి షాఫ్టు 24 ఉంటుంది, అదైతే లేతు మీద బోరు పెంచాలి. అందుకే కొనేముందు షాఫ్టు కొలుచుకోవాలి.

ఇంటికొచ్చి మా ఆవిడకి లెక్క చెప్పాను. డబ్బు సంగతి తను పెద్దగా అడగలేదు, మా చిన్నాడు సావిడిలోకి వస్తాడు కదా ఆ సంగతేంటి అంది. నిజమే, హ్యాండ్ డ్రిల్లు వదిలేస్తే ఆగిపోతుంది, ఇది ఆగదు. పని ముక్కని చేత్తో పట్టుకోకుండా వైస్‌లో బిగించడం, చేతికి గ్లౌజులు వద్దు, భుజం మీద తువ్వాలు అసలే వద్దు, స్విచ్చి చిన్నాడికి అందనంత ఎత్తులో. చక్ బిగించే తాళం మెషీనుకే తాడుతో కట్టి ఉంది, ఆ తాడు తీసేస్తాను, కట్టి ఉంటే చక్‌లోనే మర్చిపోయి స్విచ్చి వేసే ప్రమాదం ఉంది.

నిన్న ఫోన్ చేశాను. "తమ్ముడూ, మోటారు నాకొద్దు, అది నువ్వే ఉంచుకో, బేరింగు కూడా మార్చాలి, 12 ఇస్తాను" అన్నాను. కాసేపు ఆగి, "పదమూడున్నర చెయ్యండి అన్నయ్యా, నాన్నగారు దీన్ని ఎవరినీ ముట్టుకోనిచ్చేవారు కాదు" అన్నాడు. ఫీడు హ్యాండిల్ గుండ్లు మూడూ ఆయన అరచేతి కింద అరిగి నున్నగా అయిపోయి ఉన్నాయి, అవి గుర్తొచ్చాయి నాకు. ఇంక బేరం ఆడబుద్ధి కాలేదు, సరే అన్నాను. మోటారు, బేరింగు, బండి కిరాయి కలిపినా 24 వేల లోపలే.

పంటు మీద తేవట్లేదు, తల బరువు మెషీను, రేవు ఏటవాల్లో ఒరిగిందంటే ఆపలేం. టాటా ఏస్ మాట్లాడాను, పాలకొల్లు మీదుగా చించినాడ బ్రిడ్జి దాటి వెళ్ళి అదే దారిన వస్తుంది, టేబుల్ ఊడదీసి తల కింద కొబ్బరి పీచు బస్తాలు వేసి పడుకోబెట్టి తెస్తాం. సావిడిలో నేల కాలవ గట్టు కంటే కిందకి ఉంటుంది, అందుకని మెషీను కోసం అడుగు ఎత్తున సిమెంటు దిమ్మ పోయిస్తున్నాను, నాలుగు ఫౌండేషన్ బోల్టులు అందులోనే పాతించాలి. బేసు బెజ్జాల మధ్య దూరం కొలవడం మర్చిపోయొచ్చాను, ఆ అబ్బాయిని టేపు పెట్టి ఫొటో తీసి పంపమన్నాను.