సిడ్నీలో పందికొక్కు

సిడ్నీలో పెరుగుతున్న తెలుగు పిల్లలకు ఊహ తెలిసినప్పటి నుంచీ పరిచయమైన జంతువులు రెండున్నాయి. ఒకటి కంగారూ, రెండోది బాండికూట్. వీటిలో ఏ పేరు తెలుగు నుంచి వచ్చిందని అడిగితే మన పిల్లలు తడుముకోకుండా మొదటిదే చెబుతారు. బడికి ఆలస్యమవుతుందని పొద్దున్నే ఇంట్లో మనం పడేది కూడా కంగారే కదా! అసలు సంగతి అందుకు పూర్తిగా తలకిందులు. కంగారూకీ మన కంగారుకీ ఏ చుట్టరికమూ లేదు. బాండికూట్ మాత్రం అచ్చంగా మన పందికొక్కు. పోలిక ఉన్నంత మాత్రాన మాటలు బంధువులు కావనీ, నిజంగా బంధువులైన మాటలు ఒక్కోసారి గుర్తుపట్టలేనంతగా మారిపోతాయనీ పిల్లలకు చూపించడానికి ఇంతకన్నా మంచి జంట నాకు ఇప్పటిదాకా దొరకలేదు.

కొక్కు అన్నది ఎలుకకు పాత తెలుగు మాట. వినాయకుడికి కొక్కురౌతు అనే పేరు అందుకే వచ్చింది. ఒళ్లు పెద్దదిగా ఉండి, మీదికి వెళితే పందిలా గుర్రుమనే కొక్కు పందికొక్కు అయింది. 1611లో మచిలీపట్నంలో వర్తక స్థావరం పెట్టుకున్న ఇంగ్లీషువాళ్లకు ధాన్యపు కొట్లను గుల్ల చేసే ఈ ప్రాణితో పరిచయం కావడంలో వింతేమీ లేదు. మన దేశం నుంచి ఇంగ్లీషులోకి వెళ్లిన మాటలను యూల్, బర్నెల్ అనే ఇద్దరు పండితులు ఒక నిఘంటువుగా కూర్చి 1886లో ప్రచురించారు. అందులో బాండికూట్ తెలుగు పందికొక్కు నుంచి వచ్చిందని స్పష్టంగా ఉంది. ఆ పుటను మా అమ్మాయికి కంప్యూటర్ మీద చూపించినప్పుడు, ఇంగ్లీషు అక్షరాల మధ్య తన ఇంటి మాటను తనే కూడబలుక్కుని చదువుకుంది.

ఓడ వైద్యుడిగా వచ్చి ఆస్ట్రేలియా తీరాలను శోధించిన జార్జ్ బాస్ 1799 ప్రాంతంలోనే ఈ పేరును ఇక్కడి జంతువుకు వాడినట్టు చెబుతారు. కొత్త నేల మీద కనిపించినదాన్ని తమకు తెలిసిన పేరుతో పిలవడం వలస వచ్చినవాళ్లందరికీ అలవాటే. నిజానికి ఈ రెండు ప్రాణులకూ సంబంధం లేదు. మన పందికొక్కు ఎలుక జాతిది. ఇక్కడి బాండికూట్ కంగారూలాగే పిల్లలను పొట్ట సంచిలో పెంచే జంతువు. నేలను తవ్వేటప్పుడు మట్టి లోపలికి పోకుండా దాని సంచి వెనకవైపుకు తెరుచుకుని ఉంటుంది. గర్భంలో పిల్ల ఉండేది పన్నెండు రోజుల పైచిలుకు మాత్రమే. సిడ్నీలోని మాన్లీ దగ్గర నార్త్ హెడ్ అనే కొండకొమ్ము మీద పొడుగు మూతి బాండికూట్లు కొన్ని మిగిలాయి, వాటిని అంతరించిపోయే ప్రమాదం ఉన్నవిగా ప్రభుత్వం గుర్తించింది. పురుగుల కోసం రాత్రిపూట మూతితో తవ్విన చిన్న చిన్న గరాటు గుంటలు పొద్దున పచ్చిక మీద కనిపిస్తే, బాండికూట్ వచ్చి వెళ్లిందని ఇక్కడివాళ్లు సంతోషిస్తారు.

ఈ సంతోషం తెనాలి దగ్గర వ్యవసాయం చేసిన మా నాన్నగారికి ఒక పట్టాన అర్థం కాలేదు. మా అమ్మాయి వీడియో కాల్‌లో ఫొటో చూపించి, ఇదే మీ పందికొక్కు తాతయ్యా అంటే ఆయన కళ్లజోడు సవరించుకుని చాలాసేపు చూశారు. “ఇది పందికొక్కు కాదు తల్లీ. దాని మూతి ఇంత సన్నగా ఉండదు. ఇది చూడబోతే ఎవరికీ అపకారం చేసేదానిలా లేదు” అన్నారు. ఆ తరువాత అసలు పందికొక్కు సంగతంతా ఓపిగ్గా చెప్పుకొచ్చారు. అది గట్లకు బొరియలు పెట్టి మడిలో నీళ్లు నిలవనీయదని, వరి కంకులు కొరికి లోపల దాచుకుంటుందని, కోతలయ్యాక యానాదులు కుండలో గడ్డి రాజేసి ఆ పొగను బొరియలోకి ఊది వాటిని పట్టేవారని చెబుతుంటే మా అమ్మాయి మధ్యమధ్యలో ఆపి గట్టు అంటే ఏమిటి, మడి అంటే ఏమిటి అని అడిగి తెలుసుకుంది. తెలుగులో అంతసేపు మాట్లాడమని నేను చెప్పి ఉంటే మాట్లాడేది కాదు. తనకు నిజంగా తెలుసుకోవాలని ఉన్న విషయం తెలుగులో తప్ప ఇంకెక్కడా దొరకదని తెలిసినప్పుడు పిల్లలు భాషను వెతుక్కుంటూ వస్తారు.

అదే రోజుల్లో బడిలో నానార్థాల పాఠం జరుగుతోంది. టీచరు బ్యాంక్ అనే మాట తీసుకుని, నది ఒడ్డూ డబ్బు దాచుకునే చోటూ రెండూ అదే మాటతో ఎలా చెబుతారో వివరించారట. ఒడ్డు అనే అర్థం ఉత్తర ఐరోపా భాషల నుంచి నేరుగా వచ్చింది. డబ్బు అర్థం ఇటలీలో షరాబులు వేసుకుని కూర్చునే బల్ల పేరు నుంచి వచ్చింది. ఇంకా వెనక్కి వెళితే ఆ రెండూ ఒకే జర్మానిక్ మూలానికి చేరుతాయి. మా అమ్మాయి తన వంతుకు బాండికూట్ ఎంచుకుంది. ఆస్ట్రేలియా ఇంగ్లీషులో ఆ మాటకు క్రియారూపం కూడా ఉంది: పైన ఆకులు కదలకుండా, మొక్క కింద నుంచి బంగాళాదుంపలు తవ్వి తీసుకుపోవడమని అర్థం. దిక్కులేకుండా ఒంటరిగా మిగిలినవాణ్ణి కాలిపోయిన కొండ మీది బాండికూట్‌తో పోల్చడమూ ఉంది. “మరి అసలు అర్థం ఏదమ్మా?” అని అడిగింది. తెనాలిలో తాతయ్య చెప్పిందీ అసలైనదే, మాన్లీలో ఉన్నవాళ్లు చెప్పేదీ అసలైనదేనని, ముందు పుట్టిన అర్థం తాతయ్యదని చెప్పాను.

కంగారూ కథ కూడా ఓడ మీదే నడిచింది. 1770లో కెప్టెన్ కుక్ ఓడ దెబ్బతిని, ఇప్పుడు కుక్‌టౌన్ అంటున్న చోట మరమ్మతుకు ఆగినప్పుడు, అక్కడి గూగు యిమితిర్ భాషలో గంగురు అనే మాటను ఆ బృందం రాసుకుంది. ఆ మాటకు ‘నాకు తెలియదు’ అని అర్థమనే కథ ఇప్పటికీ తిరుగుతూనే ఉంది. అది కట్టుకథ అని 1970లలో జాన్ హావిలాండ్ అనే భాషా పరిశోధకుడు ఆ ప్రజలతోనే పనిచేసి తేల్చారు. సిడ్నీ ప్రాంతపు భాషలో ఆ జంతువు పేరు పటగరాంగ్. అందుకే తరువాత వచ్చిన ఇంగ్లీషువాళ్లు కంగారూ అంటుంటే ఇక్కడివాళ్లకు అది పరాయి మాటగానే వినిపించింది. ఓడలో తెచ్చిన ఆవులను చూసి, ఇవేనా కంగారూలు అని కోల్బీ అనే స్థానికుడు అడిగినట్టు వాట్కిన్ టెంచ్ అనే సైనికాధికారి రాసి ఉంచాడు.

ఇంగ్లీషు మాటలన్నీ మన దగ్గర నుంచే వెళ్లాయని చెప్పే జాబితాలు మన ప్రవాసుల ఫోన్లలో రోజూ తిరుగుతుంటాయి. వాటిని పిల్లలకు చూపించవద్దని తోటి తల్లిదండ్రులను నేను గట్టిగా కోరుతున్నాను. కటమరాన్ తమిళుల మాట, దాన్ని వారికే వదిలిపెట్టాలి. గోడౌన్ మలయ్ భాష మీదుగా ఇంగ్లీషుకు చేరింది, దాని వెనక తెలుగు గిడ్డంగి గానీ తమిళ కిడంగు గానీ ఉండవచ్చని పండితులు అంటారు. ఆ ‘ఉండవచ్చు’నే పిల్లలకు చెప్పాలి. గోల్కొండ మాత్రం తరగని సంపదకు ఇంగ్లీషులో మారుపేరైంది, అమెరికాలో ఆ పేరుతో ఊళ్లే ఉన్నాయి. ఉన్న గొప్ప చాలినంత ఉండగా లేనిది కల్పించి చెబితే, పిల్లలు ఒక్కసారి ఇంటర్నెట్‌లో వెతికి చూసుకుని, ఆ తరువాత మనం చెప్పే నిజాలనూ నమ్మరు.

విలియం డాస్ అనే యువ అధికారి 1790, 91లలో సిడ్నీ ప్రాంతపు స్థానికుల భాషను నోటుపుస్తకాల్లో రాసుకున్నాడు. అతనికి ఆ భాష నేర్పినది పట్యెగరాంగ్ అనే అమ్మాయి. లండన్‌లో భద్రంగా ఉన్న ఆ నోటుపుస్తకాలను ఇప్పుడు ఎవరైనా కంప్యూటర్‌లో చూడవచ్చు. అతను విడి మాటలతో ఆగక, తామిద్దరూ మాట్లాడుకున్న వాక్యాలను కూడా రాశాడు. నిప్పు దగ్గర చేయి వెచ్చచేసుకుని ఎదుటివారి వేళ్లను మెల్లగా నొక్కడానికి ఆ భాషలో ఒక మాట ఉంది: పుటువా. మా అమ్మాయి ఆ పుటలు చూశాక తనూ ఒక నోటుపుస్తకం పెట్టుకుంది. ఆదివారం తాతయ్య చెప్పిన ప్రతి మాటనూ తెలుగు లిపిలో రాసి, ఏ సందర్భంలో అన్నారో ఆ వాక్యంతో సహా పక్కన ఇంగ్లీషులో రాసుకుంటోంది. పందికొక్కుతో మొదలైన ఆ పుస్తకం గట్టు, మడి, బోదె, కల్లం దాటి ఈ వారం గాదె దగ్గరికి వచ్చింది.