రిమాండ్ రోజే నోరు తెరిచి అడగాలి

అరెస్టయిన 24 గంటల్లోగా మేజిస్ట్రేటు ముందు నిలబెడతారు. కస్టడీకి పంపాలా వద్దా తేల్చే ఆ దశే రిమాండ్. అక్కడ పని నిమిషాల్లో అయిపోతుంది. "కొట్టారా? లాయరున్నాడా?" అని అడిగితే చాలామంది "లేడండి" అని ఊరుకుంటారు. అక్కడ ఆగకూడదు. "పెట్టుకునే స్తోమత లేదు, ప్రభుత్వం తరఫున ఇప్పించండి" అనాలి.

నిజానికి ఆ హక్కుందని చెప్పాల్సింది మేజిస్ట్రేటే. 1986లో సుక్ దాస్ కేసులో నిందితుడు అడగలేదన్న సాకు చెల్లలేదు. లాయరు లేకుండా విచారించారని సుప్రీంకోర్టు శిక్షే కొట్టేసింది. కానీ ఓ మెలిక ఉంది. ముంబై దాడుల నిందితుడు కసబ్ కేసులో 2012 తీర్పు ప్రకారం కోర్టు విచారణలో లాయరు లేకపోతే ఆ విచారణ చెల్లదు, రిమాండ్ దశలో లేకపోతే మాత్రం దానివల్ల నష్టం జరిగిందని చూపించాలి. అది తేలికైన పని కాదు. అందుకే మొదటిరోజే అడగమనేది.

కస్టడీలో ఉన్నవాళ్లకు ఆదాయం లెక్కలోకి రాదు. మహిళలు, పిల్లలు, ఎస్సీ, ఎస్టీలకూ అంతే. తెల్ల రేషన్ కార్డు జిరాక్సు కోసం ఇంటివాళ్లు పరుగులు తీయక్కర్లేదు. ఉచిత లాయర్ని ఇప్పించే జిల్లా కోర్టు ఆవరణలోని న్యాయసేవాధికార సంస్థలో తెల్లకాగితం మీద రాసిస్తే చాలు, లేదా 15100కి ఫోన్ చేయొచ్చు. జైల్లోంచైతే లీగల్ ఎయిడ్ క్లినిక్ ద్వారా పంపాలి. పేరు, తండ్రి పేరు, పోలీస్ స్టేషన్, క్రైమ్ నంబరు (ఎఫ్‌ఐఆర్ నంబరు), కోర్టు, తర్వాతి వాయిదా రాయాలి. తరచూ తప్పు జరిగేది నంబరు దగ్గరే. చార్జిషీటు పడ్డాక అదే కేసుకు సి.సి. (క్యాలెండర్ కేసు) నంబరొస్తుంది, పెద్ద నేరాల సెషన్స్ కేసైతే ముందు మేజిస్ట్రేటు కోర్టులో పి.ఆర్.సి. నంబరు, తర్వాత సెషన్స్ కోర్టులో ఎస్.సి. (సెషన్స్ కేసు) నంబరు. పాత నంబరు రాస్తే లాయరు పాత కోర్టులో వెతుకుతుంటాడు, వాయిదా ఇంకోచోట పిలుస్తారు.

ఉచిత లాయరంటే చేతకానివాడని చిన్నచూపు ఉంది. లోపం చాలాసార్లు మనిషిలో కాదు, టైములో ఉంటుంది. 2013లో మధ్యప్రదేశ్‌లో అనోఖీలాల్‌కు లాయర్ని ఇచ్చిన రోజే అభియోగాలు మోపారు, పక్షం రోజుల్లో విచారణ ముగించి ఉరిశిక్ష విధించారు. 2019లో సుప్రీంకోర్టు దాన్ని రద్దు చేసి మళ్లీ విచారించమంది. యావజ్జీవం, ఉరి పడగల కేసుల్లో కనీసం 10 ఏళ్ల అనుభవమున్న లాయర్ని పెట్టాలని, కాగితాలు చదవడానికి మామూలుగా 7 రోజులైనా ఇవ్వాలని చెప్పింది. అడ్డగోలు తొందర కనిపిస్తే ఈ తీర్పు పేరు చెప్పి గడువు కోరాలి. చార్జిషీటు కాపీలు చేతికి రాకుండా "ముట్టాయి" అని సంతకం పెట్టొద్దు.

లాయరు దొరికాక మొదట లెక్కపెట్టించాల్సింది రోజులు. 10 ఏళ్లు, ఆపై శిక్ష పడే నేరాలకు 90, మిగతావాటికి 60 రోజుల్లో చార్జిషీటు పడకపోతే బెయిల్ హక్కు. రిమాండ్ చేసిన రోజు కూడా లెక్కలోకే వస్తుంది. అయితే పోలీసులు చార్జిషీటు వేసేలోపే పిటిషన్ పడాలి, ఒక్కరోజు ఆలస్యమైనా అది చేజారిపోవచ్చు.

లాయరు డబ్బడిగినా, వాయిదాలకు రాకపోయినా సంస్థ కార్యదర్శికి రాస్తే మార్చుకోవచ్చు. బెయిలొచ్చి 7 రోజులైనా జామీనుదారులు దొరక్క లోపలే ఉంటే ఆ కబురు కార్యదర్శికి పంపాల్సింది జైలు సూపరింటెండెంటే. పంపారో లేదో ఇంటివాళ్లు కనుక్కోవాలి.