అమ్మ అనుకున్న ఏకాదశి

2014 జనవరిలో వారం రోజులు వాషింగ్టన్‌లో అన్నం ముట్టకుండా ఉన్నాను. ఆఫీసులో సొంత పని అని లీవు పెట్టాను. రూమ్మేట్లకు ఫ్రెండ్ ఇంటికి వెళ్తున్నానని చెప్పాను. తెనాలిలో ఉన్న అమ్మకైతే ఏమీ చెప్పలేదు.

అంతకు ముందు ఏడాది, ఉగ్రవాదులన్న అనుమానంతో పట్టుకున్నవాళ్లను అమెరికా క్యూబాలో ఉంచే గ్వాంటనామో జైలు నుంచి ఒక యెమెన్ ఖైదీ లాయర్లకు ఫోనులో చెప్పి రాయించిన వ్యాసం పేపర్లో చదివాను. 2013 ఫిబ్రవరిలో అక్కడ నిరాహారదీక్ష మొదలైంది. ఉన్న 166 మందిలో నూరుమందికి పైగా చేరారు. నలభై మందికి పైగా ఖైదీలను కుర్చీకి కట్టేసి, ముక్కులోంచి గొట్టం దించి ద్రవాహారం ఎక్కించారు. చాలామంది మీద అసలు కేసే లేదు. సగం మందిని వదిలేయొచ్చని ప్రభుత్వమే తేల్చింది, అయినా వదల్లేదు. ఏడాదిలో మూసేస్తామని 2009 జనవరిలో ఒబామా సంతకం పెట్టిన జైలు ఇది. నిజం చెప్పాలంటే, మణిపూర్‌లో సైన్యానికిచ్చిన ప్రత్యేక అధికారాల చట్టం ఎత్తేయాలని నిరాహారదీక్ష పట్టిన ఇరోం షర్మిలకు 2000 నుంచీ ముక్కు గొట్టంతోనే ఆహారం ఎక్కిస్తున్న సంగతి నాకు అప్పటికే తెలుసు. అది పేపర్లో చదివి పేజీ తిప్పేశాను. ఈసారి ఎందుకో తిప్పలేకపోయాను. ఆ జైలు నడిచే డబ్బులో నా జీతంలో కోసుకునే పన్ను కూడా ఉంది కదా అనిపించి ఉంటుంది.

ఆ జైలు మూసేయాలని 'విట్నెస్ అగైనెస్ట్ టార్చర్' అనే బృందం అప్పట్లో ఏటా జనవరి 11 చుట్టూ వాషింగ్టన్‌లో నిరాహారదీక్ష చేసేది. 2002లో మొదటి ఇరవై మంది ఖైదీలను అక్కడికి తెచ్చింది ఆ తేదీనే. 2005లో పాతికమంది దాకా క్యూబా వెళ్లి, గ్వాంటనామో వైపు నడిచి, దారిలో ఆపేసిన చోటే ఉపవాసం కూర్చున్నారు. బృందం అలా పుట్టింది. నేను ఈమెయిల్ పెడితే రెండు రోజుల్లో జవాబొచ్చింది. మందులేమైనా వాడుతున్నారా, డాక్టర్ని అడిగారా, కాఫీ ఇప్పట్నుంచే తగ్గించండి, పరుపు మీరే తెచ్చుకోండి.

నా టెన్షన్ తిండి గురించి కాదు, వీసా గురించి. హెచ్1బీ ఉద్యోగ వీసా మీద ఉన్నాను. నిరసనలో అరెస్టయితే తర్వాత వీసా ముద్ర వేయించుకునే స్టాంపింగ్‌లో తిప్పలు తప్పవని తెలిసిన లాయరు ఒకాయన చెప్పాడు. బృందంలో దీన్ని ఎవరూ తప్పు పట్టలేదు. అరెస్టుకు సిద్ధపడేవాళ్లు, పడనివాళ్లు అని మొదటి రాత్రే విడివిడిగా చేతులెత్తించారు. నేను రెండో గుంపులో ఎత్తాను. పక్కనున్న డెబ్బై ఏళ్ల పెద్దావిడ మాత్రం మొదటి గుంపులో ఎత్తింది. కాస్త సిగ్గేసింది.

ఒక చర్చి హాల్లో నేల మీద పడుకున్నాం. నీళ్లు, పళ్లరసం, వడగట్టిన కూరగాయల రసం, టీ. అంతే. రెండో రోజు తలనొప్పి చంపేసింది. అది ఆకలిది కాదు, కాఫీ మానేసినందుకు. మూడో రోజు నుంచి ఆకలి పోయి చలి పట్టుకుంది. ఆ వారం అమెరికాలో చాలా భాగం గడ్డకట్టింది, పోలార్ వోర్టెక్స్ అని, ధ్రువం నుంచి దిగిన చలిగాలి అని టీవీల్లో ఒకటే హోరు. కడుపులో ఏమీ లేకపోతే చలి ఎముకల్లోకి దిగుతుందని అప్పుడే తెలిసింది. చిన్నప్పుడు పొట్టి శ్రీరాములు గారి 58 రోజులు అని పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నాను. మూడో రోజు రాత్రి ఆ అంకె తల్చుకుంటే కడుపులో తిప్పింది.

కానీ అసలు కష్టం ముసుగు. నిరసనలో గ్వాంటనామో ఖైదీల వేషం వేసుకోవాలి. నారింజ రంగు జంప్‌సూటు, తలకు నల్లటి గుడ్డ సంచి. కళ్లజోడు దాంట్లో ఇమడదు, తీసి జేబులో పెట్టుకోవాలి. మన ఊపిరే తడిగా మన మొహానికి కొడుతుంది. ముందువాళ్ల మడమలు చూస్తూ ఒకే వరుసలో నడవాలి. మాట్లాడకూడదు. ఒక్కొక్కరం ఒక్కో ఖైదీ పేరు రాసిన కాగితం పట్టుకున్నాం. నాకొచ్చిన పేరు యెమెన్ వాడిది. నోరు తిరగలేదు. అమెరికాలో నా ఇంటిపేరును ఖూనీ చేసేవాళ్ల మీద విసుక్కునేవాణ్ణి కదా, అదే పని నేను చేస్తున్నాను. రాత్రి అరబిక్ వచ్చినాయన దగ్గర కూర్చుని పదిసార్లు పలికి నేర్చుకున్నాను.

నాలుగో రోజు వైట్‌హౌస్ ముందు నిలబడి ఉన్నాం. ఎడమ పక్కన తెలుగు వినపడింది.

"ఏంటమ్మా వీళ్లు?"

"ఏదో షూటింగ్ లాగుంది. నువ్విటు రా, ఫొటో తీసుకుందాం."

"మొహాలు లేవేంటి వీళ్లకి?"

పిల్లకు ఆరేడేళ్లుంటాయేమో. నెల రోజుల్లో ఎదురుగా నాకు వినపడిన మొదటి తెలుగు అది. షూటింగ్ కాదమ్మా అని నాలుక చివరిదాకా వచ్చింది. మాట్లాడకూడదు. ముసుగు తీయకూడదు. నా భాషలో నా గురించే మాట్లాడుతూ నన్ను దాటుకుని వెళ్లిపోయారు. అది నటన, సాయంత్రానికి తీసేస్తానని తెలుసు. అయినా కాళ్లు వణికాయి. ఆ రోజు సాయంత్రం చుట్టూ కూర్చుని మాట్లాడుకున్నప్పుడు నా వంతు వస్తే ఏమీ చెప్పలేక తల ఊపాను. ఈ మాట ఇంగ్లీషులో ఎలా చెప్పాలో తోచలేదు.

జనవరి 11 శనివారం. పొద్దున్నే అమ్మ ఫోను. రోజూ అడిగేదే, "ఏరా, తిన్నావా?"

మామూలుగా అయితే తిన్నానమ్మా అని అబద్ధం ఆడేవాణ్ణి. ఆ వారం అయిదు రోజులూ ఆడాను. ఆ రోజు మాత్రం, "లేదమ్మా, ఉపవాసం" అన్నాను.

అవతల రెండు క్షణాలు మాట లేదు. తర్వాత ఒకటే సంబరం. ఆ రోజు ముక్కోటి ఏకాదశి. నేను మర్చేపోయాను. అమెరికా వెళ్లినా నా కొడుకు ముక్కోటికి పచ్చి మంచినీళ్లతో ఉన్నాడని పక్కింటి పిన్నిగారికి చెప్పడం నాకు ఫోన్లోంచే వినపడింది.

ఆ మధ్యాహ్నం వానలో ఊరేగింపుగా నడిచి నేషనల్ మ్యూజియం ఆఫ్ అమెరికన్ హిస్టరీలోకి వెళ్లాం. అమెరికా యుద్ధాల ప్రదర్శన ముందు తడి బట్టలతో వరుసగా నిలబడ్డాం. పేర్లు చదివారు. 2012 సెప్టెంబరులో ఆ జైల్లోనే చనిపోయిన అద్నాన్ లతీఫ్ పేరు విన్నాక కొంతసేపు ఎవరూ కదల్లేదు. నేను ఉన్నంతసేపు పోలీసులు ఎవరినీ పట్టుకోలేదు.

మర్నాడు మనసొప్పక అమ్మకు ఫోన్ చేసి అంతా చెప్పాను. తిడుతుందనుకున్నాను. వీసా పోతుందేమోనని ముందు తిట్టింది కూడా. తర్వాత అడిగింది:

"అయితే ఇవాళ ద్వాదశి పారణ చెయ్యలేదా?"

"రేపు పొద్దున అందరం కలిసి చేస్తామమ్మా."

"మరి ఆ జైల్లో వాళ్ల పారణ ఎప్పుడురా?"

తెలీదన్నాను. సర్లే, రేపు భోగి, తలంటి పోసుకో అని పెట్టేసింది.

13 పొద్దున ఎవరో అరటిపండు, పల్చటి సూపు తెచ్చారు. వారమంతా ఉప్మా పెసరట్టు కలలోకొచ్చింది కానీ సగం పండుకే కడుపు నిండిపోయింది. మిగతా సగం పక్కనున్న పెద్దావిడకిచ్చి, పరుపు చుట్టుకుని మెట్రోకి నడిచాను. ఆ యెమెన్ ఖైదీ పేరున్న కాగితం నా కోటు జేబులోనే ఉండిపోయింది, తడిసి, పేరులో చివరి రెండక్షరాలు కారిపోయి.